మొదటి మోటారు సైకిలు: కొనే ముందు, ఎక్కే ముందు

ఉపాధి కోసం బెంగళూరు చేరిన మన యువకులలో పలువురు, చేతిలో నాలుగు డబ్బులు మిగలగానే మోటారు సైకిలు కొంటారు. బండి ముందు వస్తుంది, నేర్చుకోవడం ఆ తరువాత, లైసెన్సు అన్నిటికన్నా చివర. ఈ వరుసను తలకిందులు చేయవలసి ఉన్నది.

మొదటి మెట్టు అభ్యాసకుని అనుజ్ఞాపత్రం. వాడుకలో దీనిని ఎల్‌ఎల్‌ఆర్ అంటారు, ఆ మాటే అందరికీ తెలుస్తుంది. గేర్లున్న బండికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఈ పత్రం ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తరువాత అసలు పరీక్షకు హాజరు కావచ్చు. అంతవరకు తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షరం బండికి ముందూ వెనుకా కనిపించాలి. నేర్పేందుకు లైసెన్సున్న వ్యక్తి తప్ప మరెవరూ వెనుక కూర్చోరాదు. సొంత ఊళ్లో పొందిన లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది కనుక ఇక్కడ మరొకటి అక్కరలేదు. అయితే గేర్లు లేని బండికి మాత్రమే ఇచ్చిన లైసెన్సుతో గేర్ల బండి నడపరాదు.

గదిలోని మిత్రుని బండి తీసుకుని లైసెన్సు లేకుండా వెళ్లేవారు ఒక సంగతి గుర్తించాలి. ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధితునికి చెల్లించిన పరిహారాన్ని బండి యజమాని నుంచి, అనగా ఆ మిత్రుని నుంచి, తిరిగి రాబట్టుకోవచ్చు. ఆ మొత్తం ఊళ్లోని పొలం అమ్మినా తీరనిది కావచ్చు. తెలిసి బండి ఇచ్చినందుకు అతనిపై విడిగా కేసు కూడా పెట్టవచ్చు.

ఇక బండి ఎంపిక. ప్రకటనలు వేగాన్ని చూపుతాయి. కొత్తవారు చూడవలసినది బరువు. 100 నుంచి 125 సీసీ బళ్లు సాధారణంగా 110 నుంచి 125 కిలోలుంటాయి. 350 సీసీ బళ్లు 180 కిలోలకు పైమాటే. కొత్తవారు ఎక్కువగా పడేది వేగంలో కాదు, ఆగేటప్పుడూ మళ్లించేటప్పుడూ. ఒరిగిన బండిని ఒంటికాలితో నిలబెట్టుకోగలగాలి. దుకాణంలో సీటుపై కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి. ఎవరి సాయమూ లేకుండా సెంటర్ స్టాండు వేయండి, వెనక్కి నెట్టండి. ఇవి చేతకాని బండి ఎంత అందమైనదైనా మొదటి బండి కాదు. 2019 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న కొత్త బళ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, తక్కినవాటికి కనీసం రెండు చక్రాలకూ కలిపి పనిచేసే బ్రేకు తప్పనిసరి. పాత బండి కొనేవారు ఈ తేడాను గమనించాలి. ఊరి నుంచి తెచ్చిన బండి 12 నెలలకు మించి ఇక్కడే ఉంటే, అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి ఇక్కడ నమోదు చేయించాలి.

నేర్చుకోవడం ఖాళీ మైదానంలో, హెల్మెట్ పెట్టుకునే మొదలు కావాలి. గేర్ల వరుస బండిబండికీ మారుతుంది కాబట్టి ముందుగా అడిగి తెలుసుకోండి. మొదటి గేరులో క్లచ్‌ను నెమ్మదిగా వదులుతుంటే ఒకచోట బండి ముందుకు లాగుతుంది. దానినే హాఫ్ క్లచ్ అంటారు. రెండు కాళ్లూ నేలపై ఆడిస్తూ, మనిషి నడిచే వేగంతో ఆ చోటును చేతికి అలవాటు చేసుకోవాలి. రెండో గేరుకు తొందరపడనక్కరలేదు. నా దృష్టిలో మొదటి రెండు రోజులూ దీనికే కేటాయించినా ఎక్కువ కాదు. రద్దీలో మీటరు మీటరుగా కదిలే ఈ నగరంలో రోజంతా అవసరపడే విద్య ఇదే.

‘ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు’ అని ఊళ్లో చెప్పేవారు. అది సగమే నిజం. ఆగేటప్పుడు బరువు ముందుకు జరుగుతుంది కనుక బండిని ఆపే శక్తిలో అధిక భాగం ముందు చక్రానిదే. హ్యాండిల్ తిన్నగా ఉంచి రెండు బ్రేకులనూ క్రమంగా నొక్కాలి. ఇసుకపైన, మలుపులోన ముందు బ్రేకును గట్టిగా పడితే మాత్రం పెద్దల మాటే నిజమవుతుంది.

రోడ్డెక్కాక బోర్డులు కన్నడంలో ఎదురవుతాయి. ‘రస్తె ఉబ్బు’ అంటే స్పీడ్ బ్రేకర్, మన ఉబ్బే. ‘నిధానవాగి చలిసి’ అంటే నిదానంగా వెళ్లమని. ‘ఏకముఖ సంచార’ అంటే వన్‌వే. లిపి మన లిపికి దగ్గరి చుట్టం కాబట్టి ఒక వారం శ్రద్ధగా చూస్తే చదవడం వస్తుంది. రంగు వెలిసిన ఉబ్బులకు బోర్డు కూడా ఉండకపోవచ్చు. ముందున్న వాహనం వెనుక దీపాలు వెలిగితే అక్కడ ఏదో ఉందని గ్రహించి వేగం తగ్గించండి.