వార్తల్లో పదం: హైబ్రిడ్ విధానం

పేదల వైద్యానికి డబ్బు ప్రభుత్వానిదే. ఆస్పత్రి బిల్లును ప్రభుత్వ ట్రస్టు నేరుగా చెల్లించాలా, ప్రీమియం కట్టి బీమా కంపెనీకి అప్పజెప్పాలా అన్నదే పేచీ. రెంటినీ కలిపేది హైబ్రిడ్ విధానం. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో దీనికి ఆమోదం తెలిపింది: రూ.2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన రూ.25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు.

కంపెనీల పాత్ర కొత్తదేమీ కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో పేదల వైద్య పథకం ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో స్టార్ హెల్త్ బీమాతోనే మొదలైంది. ట్రస్టు చెల్లింపులు తర్వాతి మాట. అమెరికాలోనూ చాలా రాష్ట్రాలు పేదల వైద్య పథకం మెడికెయిడ్‌ను ప్రైవేటు సంస్థలకు అప్పగించి, మనిషికి నెలకింతని కడతాయి. చికిత్స ఖర్చు తగ్గితే కంపెనీకి మిగులు. అందుకే అనుమతుల దగ్గర కొర్రీలు. ట్రస్టుకు ఆ లాభాపేక్ష లేదు గానీ, ఖజానా బిగిస్తే ఆస్పత్రుల బకాయిలు పేరుకుపోతాయి.

అండమాన్‌లో కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ ట్రస్టు పద్ధతిలోనే అమలైంది. అక్కడి అబర్డీన్ బజార్ ప్రాంతంలో అర్హత ఉన్న తెలుగు కుటుంబానికి కార్డు మీద ఏడాదికి రూ.5 లక్షల రక్షణ. ఊళ్లోని జి.బి.పంత్ ఆస్పత్రిలో దొరకని చికిత్సకు సముద్రం దాటక తప్పదు. కార్డు దేశమంతటా గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో చెల్లుతుంది. చెన్నైలో చేరినా బిల్లు అండమాన్ పథకం ఖాతాకే వస్తుంది.