కళ్లెలో రక్తం పడితే క్షయేనా?

ఒక మనిషి నెలల తరబడి దగ్గుతున్నాడు. కళ్లెలో రక్తపు జీర కనిపిస్తోంది. ఎక్స్-రే తీస్తే ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. ఏమిటి జబ్బు? "క్షయ" అని మీరు వెంటనే అంటారు. మన దేశంలో చాలాసార్లు అది నిజమే. కాని ప్రతిసారీ కాదు.

మణిపూర్ వంటి ఈశాన్య రాష్ట్రాలలో, క్షయ మందులు వాడినా గుణం కనిపించని కొందరి కళ్లెలో ఒక పరాన్నజీవి గుడ్లు దొరికాయి. అది ఊపిరితిత్తుల ఫ్లూక్. దీని శాస్త్రీయ నామం పారగోనిమస్. కాఫీ గింజ ఆకారంలో, సుమారు 1 సెంటీమీటరు పొడవుంటుంది.

ఈ పురుగు ఊపిరితిత్తుల్లోకి ఎలా వస్తుంది? దాని గుడ్లు కళ్లెతోనో, మలంతోనో నీటిలో పడతాయి. వాటినుంచి వెలువడిన డింభకాలు మొదట నత్తలోనూ, తరువాత మంచినీటి పీతలోనూ పెరుగుతాయి. ఆ పీతను పచ్చిగా గాని, సగం ఉడికించి గాని తింటే డింభకం మన పేగు చేరుతుంది. పేగు గోడను తొలుచుకొని, ఉదరవితానాన్ని దాటి ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది!

మరి డాక్టరు దీన్ని ఎలా పట్టుకుంటాడు? మొదటి సాధనం ఒక ప్రశ్న: "పచ్చి పీతలు తిన్నారా?" రెండవది సూక్ష్మదర్శిని. ఫ్లూక్ గుడ్డు బంగారు గోధుమ రంగులో, ఒక కొసన చిన్న మూతతో ఉంటుంది. క్షయ బాక్టీరియా కంటే 20 రెట్లకు పైగా పొడవు! అంత పెద్దది కంట పడకుండా ఎలా తప్పించుకుంటుంది? క్షయ కోసం కళ్లెను సుమారు 1000 రెట్లు పెద్దది చేసి చూస్తారు. అప్పుడు ఒకసారికి కనిపించే భాగం చాలా చిన్నది. పైగా వెతికేది బాక్టీరియాను, గుడ్లను కాదు. గుడ్లు చూడడానికి 100 రెట్లు చాలు.

గుడ్లు రోజూ పడవు. అందుకని కళ్లెను పలుమార్లు పరీక్షించాలి. చిన్నపిల్లలు కళ్లెను మింగేస్తారు కనుక మలం కూడా చూడాలి. రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరగడం మరో ఆధారం. ఫ్లూక్‌ను ఎదిరించడానికి శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను కూడా రక్తంలో గుర్తించవచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటారా? క్షయకు సాధారణంగా 6 నెలలు మందు వాడాలి. ఫ్లూక్‌కు ప్రాజిక్వాంటెల్ అనే మందు 2, 3 రోజులు చాలు. జబ్బు పేరు తప్పితే మందు తప్పుతుంది. ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండవచ్చు కూడా. అందుకే రెండింటికీ పరీక్ష చేయాలి.

దగ్గు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. పీతలను మాత్రం బాగా ఉడికించే తినండి!