శ్రుతికి లొంగే శక్తి విభాజకం

నిస్తంత్రీ పరికరాలలో సూక్ష్మతరంగాల శక్తిని ఒక మూలం నుండి రెండు మార్గాలకు పంచవలసిన సందర్భాలు అనేకం. ఒకే సంకేతం రెండు యాంటెనాలకు గాని, రెండు యాంప్లిఫయర్లకు గాని చేరవలసి ఉంటుంది. పంటకాలువను రెండు పాయలుగా చీల్చినంత సులభంగా ఈ పని నెరవేరదు. మార్గాన్ని ఊరక చీల్చినట్లయితే కొంత శక్తి ప్రతిఫలించి వచ్చిన దారినే మరలిపోతుంది. ఒక శాఖలోని అలజడి రెండవ శాఖలోనికి చొరబడుతుంది.

ఈ చిక్కును 1960లో ఎర్నెస్ట్ విల్కిన్సన్ ప్రకటించిన పద్ధతి విడదీసింది. ఇంపీడెన్స్ అనబడే అవరోధం 50 ఓమ్‌లుగా గల వ్యవస్థలో, ఈ పద్ధతిని అనుసరించి ప్రతి శాఖా తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు పొడవును, సుమారు 70.7 ఓమ్‌ల అవరోధాన్ని కలిగి ఉంటుంది. శాఖల చివరలను 100 ఓమ్‌ల నిరోధకం కలుపుతుంది. పంపకం సమంగా సాగుతున్నంతసేపు ఆ నిరోధకంలో విద్యుత్తు ప్రవహించదు. ఒక శాఖ నుండి శక్తి వెనుదిరిగినప్పుడు మాత్రం అందులో సగం నిరోధకంలో వేడిగా మారుతుంది; తక్కిన సగం మూలం వైపు పోతుంది; రెండవ శాఖకు ఏమీ చేరదు. తగవు లేనప్పుడు మౌనం వహించి, తగవు వచ్చినప్పుడు తానే నష్టపడి తీర్చే పెద్దమనిషి వంటిది ఆ నిరోధకం.

అయితే ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉన్నది. శూన్యంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగానికి నాలుగవ వంతు సుమారు 3.1 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగానికి 1.5 సెంటీమీటర్లు. ఫలకంపై ముద్రించిన రాగిపట్టీ పొడవు మారదు. కనుక ఒక పౌనఃపున్యానికి తగినది వేరొకదానికి తగదు.

ఈ లోపాన్ని తీర్చడానికి శాఖలకు వరాక్టర్ డయోడ్లను జోడిస్తారు. వ్యతిరేక దిశలో వోల్టేజి పెరిగిన కొద్దీ వీటి కెపాసిటెన్స్ తగ్గుతుంది. అప్పుడు విభాజకం పనిచేసే పౌనఃపున్యం పెరుగుతుంది. వైణికుడు బిరడ త్రిప్పి తంతిని శ్రుతి చేసినట్లు, ఇంజనీరు వోల్టేజిని మార్చి విభాజకాన్ని శ్రుతి చేస్తాడు.

ఈ సౌలభ్యం మూల్యం లేకుండా లభించదు. కెపాసిటెన్స్ మారితే శాఖ అవరోధం కూడా మారి, ప్రతిఫలనం మరల తలయెత్తుతుంది. డయోడ్లు కొంత శక్తిని హరిస్తాయి. అధికశక్తి వద్ద సంకేతాన్ని వికృతం చేస్తాయి. శ్రుతి పరిధిని పెంచుకుంటూనే పంపకంలోని సమత్వాన్ని కాపాడగలగడమే రూపకర్త నేర్పు.