కాయ ధర సరే.. కోసే చేతుల మాటేది?

నూజివీడు: వేసవి వచ్చిందంటే జిల్లా పేజీల్లో బంగినపల్లి, రసాల ధరలు పతాక శీర్షికలకెక్కుతాయి. పూత రాలినా, తెగులు సోకినా, నున్న మార్కెట్లో టన్ను ధర పడిపోయినా మరునాటికే వార్త. అదే తోటలో చిక్కం కట్టిన గెడతో కాయ దించే కూలీ పేరు అచ్చులో కనబడేది మాత్రం చాలావరకు చెట్టుపై నుంచి జారిపడిన రోజునే. తోట కౌలుకు తీసుకున్న రైతు సంగతీ అంతే. ఈదురుగాలికి నేలరాలిన కాయలు అతనివి, ఛాయాచిత్రం కింద పేరు మాత్రం భూయజమానిది.

1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలకు శ్రీకారం చుట్టగా, ఇతర పత్రికలూ అదే బాట పట్టాయి. చాట్రాయి, ముసునూరు, ఆగిరిపల్లి గ్రామాల చెరువు గండ్లు, బడి గోడలు అచ్చుకెక్కాయి. ఇది చిన్న మేలు కాదు. అయితే ఊరు పేజీకెక్కినంత సులభంగా ఊరిలోని వారందరూ ఎక్కలేదు.

కారణం కొంత పత్రికల లెక్కల్లోనే ఉంది. మండల విలేకరికి దక్కే పారితోషికం స్వల్పం. పైగా ప్రకటనలు సేకరించే భారమూ అతనిపైనే పడుతుంది. ప్రకటన ఇవ్వగలిగినవారు నాయకులు, వ్యాపారులు, విద్యాసంస్థల యజమానులు. కోత కూలీ శుభాకాంక్షల ప్రకటన ఇవ్వలేడు కదా!

మిగిలిన కారణం కార్యాలయాల్లో ఉంది. భారతీయ భాషా పత్రికలను పదేళ్లకు పైగా పరిశీలించిన రాబిన్ జెఫ్రీ, ప్రధాన పత్రికల్లో ఒక్క దళిత పాత్రికేయుడూ తనకు తారసపడలేదని రాశారు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ ఆంగ్ల, హిందీ మాధ్యమాలపై జరిపిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాలకు గాను 106 అగ్రవర్ణాల వారివేనని తేలింది. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. తెలుగు పత్రికలు ఆ లెక్కలో లేవు గానీ, అంతమాత్రాన ఊరట చెందవలసిన పనిలేదు.

భాష సంగతి మరీ సూక్ష్మం. పత్రికల తెలుగు కోస్తా జిల్లాల విద్యావంతుల వాడుకకు చేరువైనది. అందువల్ల ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పాఠకులు అనుభవించిన పరాయితనం నూజివీడుకు తెలియదు. కానీ పట్టణంలో వినిపించే ఉర్దూకు ఈ పేజీల్లో తావు లేదు. 2022 ఏప్రిల్‌లో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినపుడు కుక్కునూరు, వేలేరుపాడు మండలాల కోయ గూడేలూ అదే జిల్లాలో ఉన్నాయి. కోయ భాషకూ అదే గతి.

మార్గం లేకపోలేదు. జహీరాబాద్ సమీపంలోని మాచునూరులో 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంఘం రేడియోను దళిత మహిళలే నడిపించారు. విత్తనాలు, పంటలు, పాటలు వారి పలుకుబడిలోనే ప్రసారమయ్యాయి. చెప్పేవారికీ వినేవారికీ అక్కడ మాట ఒక్కటే.

నూజివీడుకు వెంటనే రేడియో అక్కరలేదు. రేపటి మామిడి ధరల పట్టిక పక్కన ఆనాటి కోత కూలి ఎంతో, నష్టపరిహారం సొమ్ము కౌలుదారుకు చేరిందో లేదో వేయడానికి నాలుగు పంక్తుల చోటు చాలు.