చప్పుడు చెయ్యని డిస్కు

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పన్నెండు కావస్తోందంటే జనమంతా ఒకచోటికి చేరతారు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారి గడియారంలోంచి గడ్డం ఉన్న చిన్న మనిషి బయటికొచ్చి గంటలు కొట్టి వెళ్లిపోతాడు. పక్కన కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటుంది. అలాంటి యంత్రానికి నలత చేస్తే ముందు చెవికే తెలుస్తుంది. పాత హార్డ్ డిస్కూ ఆ జాతిదే. లోపల పళ్లేలు తిరిగేవి, చాలాసార్లు పోయేముందు టక్‌టక్‌మనేవి. ఆ చప్పుడు వినగానే సర్వర్ చూసుకునేవాళ్లు కాపీలు తీసుకోవడానికి పరుగెత్తేవారు.

అదే మ్యూజియం వస్తువుల ఫొటోలూ వివరాలూ ఇప్పుడు సీ-డాక్ తయారుచేసిన ‘జతన్’ సాఫ్ట్‌వేర్ ద్వారా డిజిటల్ రూపంలోకి వెళ్లాయి. ఇటువంటి భాండాగారాలకైనా, పాతబస్తీలో బట్టల కొట్టు బిల్లింగ్‌కైనా హార్డ్ డిస్కు తప్పుకుంటూ ఎస్‌ఎస్‌డీ వచ్చి కూర్చుంటోంది. ఇందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. ఒంట్లో బాగాలేదని ఇది నోటితో చెప్పదు. లెక్క రాసిపెడుతుంది, మనం అడిగి చూసుకోవాలి.

1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్ తన సహచరుడితో కలిసి ఎలక్ట్రాన్లను బంధించి ఉంచే ట్రాన్సిస్టర్‌ను తయారుచేశాడు. దాని మీద కట్టిన ఫ్లాష్ మెమరీని తోషీబా ఇంజనీరు ఫుజియో మసుఓకా 1984లో లోకానికి చూపించాడు. నేటి ఎస్‌ఎస్‌డీలకు మూలమైన నాండ్ రకం 1987లో వచ్చింది. రాయడమంటే ఇరవై వోల్టుల దాకా ఒత్తిడి పెట్టి సన్నని ఆక్సైడ్ పొర గుండా ఎలక్ట్రాన్లను లోపలికి నెట్టడం, చెరపడమంటే వాటిని బయటికి లాగడం. రాసి చెరిపి, రాసి చెరిపి పలక అరిగినట్టు ఆ పొరా అరుగుతుంది. ఎలక్ట్రాన్లు దాగే ఒక్కో గదికి ఒకే బిట్టు దాచే ఖరీదైన చిప్పులు సుమారు లక్షసార్లు ఓర్చుకునేవి. మూడేసి బిట్లు కుక్కే నేటి రకాలకు ఆ ఓర్పు కొన్ని వేలకు పడిపోయింది. అందుకే లోపలి కంట్రోలర్ ఒకేచోట రాయకుండా భారాన్ని అన్ని గదులకూ పంచుతుంది. చెడిన గదుల బదులు వాడేందుకు కొన్నిటిని అట్టేపెట్టుకుంటుంది.

డిస్కు తన జబ్బు తానే చెప్పుకోవాలన్న ఆలోచన ఎస్‌ఎస్‌డీల కోసం పుట్టింది కాదు. 1992లో ఐబీఎం, 1995లో కాంపాక్ హార్డ్ డిస్కుల కోసం మొదలుపెట్టిన పద్ధతే ‘స్మార్ట్’గా స్థిరపడింది. 2002లో బ్రూస్ అలెన్ ప్రారంభించిన ఉచిత స్మార్ట్‌మాన్‌టూల్స్ ఈరోజుకీ లినక్స్ సర్వర్ల మీద నడుస్తోంది. అందులోని స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్ కొడితే డిస్కు తన చిట్టా విప్పుతుంది: ఆయుష్షులో ఎంత శాతం వాడేశారు, అదనపు గదులు ఎన్ని మిగిలాయి, చదవలేకపోయిన సందర్భాలెన్ని, కరెంటు హఠాత్తుగా ఎన్నిసార్లు పోయింది. వాడిన శాతం 100 దాటగానే డిస్కు చావదు. ఆ లెక్క 255 దాకా పోగలదు, అది కంపెనీ ఇచ్చిన హామీ కొలత మాత్రమే.

రోజుకోసారి పూర్తిగా నింపినా ఐదేళ్లు ఆగుతుందని హామీ ఉన్న 960 జీబీ డిస్కును తీసుకోండి. మొత్తం 1,752 టీబీ రాయవచ్చు. రోజుకు 100 జీబీ రాసే సర్వర్‌కు అది 48 ఏళ్లకు సరిపోతుంది! లోపలి సర్దుబాట్ల వల్ల రాత మూడింతలైనా 16 ఏళ్లు. మామూలు ఆఫీసు సర్వర్‌లో అరుగుదలతో పోయే డిస్కులు తక్కువేనని నా అభిప్రాయం. అయినా వాడిన శాతమొక్కటే చూసి నిశ్చింతగా ఉండేవాళ్లని చూస్తే నాకు భయం.

ఆ భయానికి ఆధారం ఉంది. గూగుల్ సర్వర్లలోని ఎస్‌ఎస్‌డీల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో రాత ఎంత జరిగిందన్నదానికంటే డిస్కు వయసే లోపాలతో ఎక్కువ ముడిపడి కనిపించింది. 2019 నవంబరులో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ ఇచ్చిన హెచ్చరిక ఇంకా విచిత్రం. కొన్ని మోడళ్లు సరిగ్గా 32,768 గంటలకు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు, ఫర్మ్‌వేర్ తప్పిదం వల్ల ఆగిపోతాయని, సమాచారమూ తిరిగిరాదని. ఒకేరోజు కొని ఒకే సర్వర్‌లో పెట్టిన డిస్కులన్నీ ఒకేసారి పోతే, ఒక డిస్కు పోయినా మిగతావాటితో నెట్టుకొచ్చే రెయిడ్ మాత్రం ఏం కాపాడుతుంది? ఆ డిస్కుల్లో అరుగుదల శాతం చూస్తూ కూర్చున్నవాళ్లకు ఏ సూచనా అందదు. ఫర్మ్‌వేర్ నంబరూ, నడిచిన గంటలూ కూడా చూసుకోవాలి.

మన ఊరికి ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది, ఎండ. చిప్పులకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రకారం సర్వర్ రకం ఎస్‌ఎస్‌డీ తన హామీ మేరకు పూర్తిగా అరిగాక కరెంటు లేకుండా 40 డిగ్రీల వేడిలో 3 నెలలు సమాచారాన్ని నిలబెట్టాలి, అంతే. వేడి పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు త్వరగా జారిపోతాయి. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నాలు 40 దాటడం మామూలే, రేకుల కప్పు కింద ఇనప బీరువాలో ఎంతుంటుందో ఊహించవచ్చు. కొత్త డిస్కుకు ఈ బెంగ అక్కర్లేదు, ఏళ్లపాటు నిలుస్తుంది. ఆయుష్షులో 98 శాతం వాడేశాక సర్వర్‌లోంచి తీసేసిన పాతదాని మీద ‘బ్యాకప్’ అని చీటీ అంటించి ఆ బీరువాలో పడేస్తేనే చిక్కు. కరెంటు లేని డిస్కు చిట్టా రాయదు.