కంటికి రెండో పని

కన్ను ఎందుకు? చూడడానికి. కానీ కంటికి ఇంకో పని కూడా ఉంది. అది పగలేదో రాత్రేదో ఒంటికి చెప్పడం.

మన మెదడులో ఒక గడియారం లాంటిది ఉంది. వేళకు నిద్ర, మెలకువ తెచ్చేది అదే. కంట్లో పడే వెలుగు దాన్ని రోజూ సరిచేస్తుంది.

రస్సెల్ ఫోస్టర్ ఇంగ్లండు శాస్త్రవేత్త. ఆయన బృందం చిట్టెలుకలను పరిశీలించింది. వాటి కళ్లలో చూపునిచ్చే కణాలు లేవు. అయినా వాటి గడియారం వెలుగును బట్టి సర్దుకుంది! కళ్లు తీసేస్తే మాత్రం సర్దుకోలేదు. ఈ సంగతి 1999లో బయటపెట్టారు. అంటే వెలుగును పసిగట్టే వేరే కణాలు కంట్లో ఉన్నాయన్నమాట. 2002లో అమెరికాలో డేవిడ్ బెర్సన్ బృందం ఆ కణాలను గుర్తించింది.

చూపు పోయిన కొందరిలో ఈ కణాలు ఇంకా పనిచేస్తాయి. అలాంటివాళ్లకు పగటి వెలుగు కావాలి. చూపు లేదు కదా అని వాళ్లను చీకటిగదిలో ఉంచకూడదు.