గోలీ ముందుగాల తిప్పలు పెడ్తది, గుణం ఎన్కకొస్తది

నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల పనిచేసే తమ్ముళ్లు నాకు మందు చీటీలు ఫోటో తీసి పంపుతుంటరు. అండ్ల ఒక పేరు మల్ల మల్ల కనబడ్తది. అమిట్రిప్టిలిన్. ఒకనికి మనసు బాగలేదని రాసిన్రు. ఇంకొకని నాయినకు షుగర్ తోని కాళ్లల్ల మంటలు లేస్తున్నయని రాసిన్రు. ఒక చెల్లెకు ఒంటిచెంప నొప్పికి రాసిన్రు. ముగ్గురు అడిగేది ఒక్కటే: "అన్నా, ఇది పిచ్చి మందా?"

గాదు. నేను డాక్టర్ను గాదు. నర్సింగ్ చదివే పిల్లల కాడ ఫార్మకాలజీ పుస్తకాలు అడుక్కొచ్చుకొని చదివినోన్ని. అండ్ల రాసింది మన బాసల చెప్తున్న, అంతే.

ఈ జాతి గోలీలను ట్రైసైక్లిక్ అంటరు. మందు అణువుల మూడు చక్రాలు ఒకదానికొకటి అతుక్కొని ఉంటయి, అందుకే ఆ పేరు. మొదటిది ఇమిప్రమిన్. స్విట్జర్లాండ్ ల రోలాండ్ కూన్ అనే డాక్టర్ దాన్ని వేరే మానసిక జబ్బుకు వాడి చూసిండు. దానికి పని చెయ్యలే. కానీ దిగులుతోని మంచం పట్టినోళ్లు లేచి కూసున్నరు. 1957ల ఆ సంగతి అచ్చేసిండు. అమిట్రిప్టిలిన్ 1961ల ఒచ్చింది. అంటే మన తాతల కాలం మందు, అగ్గువ మందు. నొప్పులకు 10, 25 మిల్లీగ్రాములతోని షురూ చేస్తరు. దిగులు జబ్బుకు మెల్లమెల్లగ ఇంకా పెంచుతరు. గోలీ ఒక్కటే, లెక్క వేరు.

పని ఎట్ల చేస్తదంటె, మెదడుల ఒక నరం ఇంకో నరానికి కబురు పంపాలంటె సెరటోనిన్, నారడ్రెనలిన్ అనే రసాలను నడుమ సందుల పోస్తది. కబురు అందినంక పోసిన నరమే మల్ల లోపలికి గుంజుకుంటది. ఈ గోలీ ఆ గుంజుకునే దర్వాజ మూస్తది. రసం సందుల ఎక్కువసేపు ఉంటది. దర్వాజ మొదటి దినాలల్లనే మూసుకుంటది గానీ, మనసు తేలికైతానికి రెండు నుంచి నాలుగు వారాలు పడ్తది. మెదడు ఆ మార్పుకు అలవాటు పడాలె గద.

అసలు లొల్లి ఈడనే ఉన్నది. గుణం నెల మీద ఒస్తది, తిప్పలు మాత్రం తెల్లారే ఒస్తయి. ఎందుకంటె ఈ గోలీ ఒక్క దర్వాజ కాడ ఆగదు, సంబంధం లేని ఇండ్లల్ల గూడ చెయ్యి పెడ్తది. అసిటైల్‌కోలిన్ పనిని ఆపుతది, దాంతోని నోరు ఎండుతది, దొడ్డికి రాదు, కండ్లు మసకలు కమ్ముతయి, ముసలోళ్లకు ఒంటికి ఆగిపోతది. హిస్టమిన్ను ఆపుతది, గందుకే నిద్ర ముంచుకొస్తది. రక్తనాళాలను వదులు చేస్తది, గందుకే మంచం మీదికెళ్లి దభాల్న లేస్తె కండ్లు తిరుగుతయి. వారం దినాలు ఇవన్ని పడ్డ మనిషి ఏమనుకుంటడు? "మత్తు గోలీ ఇచ్చి పండబెడ్తున్రు" అని పారేస్తడు. ఇంకో రెండు వారాలు ఆగితె గుణం కనబడేదేమో, అంత దాక పోకముందే ఆపేస్తడు.

ఈ ముచ్చట చెప్పేటోళ్లు సిస్టర్లు. పండుకున్నప్పుడు ఒకసారి, నిలవడ్డంక ఒకసారి బీపీ చూడాలె, ఎన్ని దినాలైంది దొడ్డికి పోయి అని అడగాలె, గోలీ నిజంగ మింగిండా లేక దవడ కింద దాసిండా చూడాలె. వాళ్ల పాఠాలల్ల ఇది ఉన్నది. కానీ ఓపీల గుంపు చూస్తె వాళ్లకు నోరు తెరిచే టైమే ఉండదు. మంచాల లెక్క, మిషిన్ల లెక్క చెప్పే సర్కారు, ఒక్కో పేషెంటుకు సిస్టర్ మాట్లాడే పది నిమిషాల లెక్క ఎన్నడు చెప్తది?

ఎండాకాలం ముచ్చట ఎవరూ చెప్పరు గాబట్టి నేను చెప్తున్న. ఈ గోలీ చెమటను తగ్గిస్తది. చెమట పట్టకపోతె ఒళ్లు సల్లబడదు. మే నెలల రేకుల షెడ్డు కింద పనిచేసేటోడు గానీ, ఊర్ల వరి కోతకు పోయేటోడు గానీ ఈ గోలీ వాడ్తుంటె వడదెబ్బ తొందరగ తగుల్తది. నీళ్లు మస్తు తాగాలె, నడుమ నడుమ నీడకు రావాలె. మత్తుగ ఉంటె బండి నడపొద్దు, మిషిన్ కాడ నిలవడొద్దు. రాత్రి డ్యూటీ ఉన్నోళ్లు గోలీ ఏ యాళ్లకు వేసుకోవాల్నో డాక్టర్ను ముందే అడగాలె. ఇగ కల్లు, మందు దీంతోని అస్సలు పడవు. నొప్పులకిచ్చే ట్రమడాల్ తోని కలిస్తె ఫిట్స్ రావచ్చు. గుండెపోటు ఒచ్చినోళ్లు, కండ్లల్ల నీటికాసులు ఉన్నోళ్లు డాక్టర్ కు ఆ ముచ్చట ముందే చెప్పాలె.

ఇప్పుడు చెప్పేది ఇంట్ల అందరు ఇనాలె. ఈ గోలీకి గుణమిచ్చే లెక్కకు, పాణం మీదికి తెచ్చే లెక్కకు నడుమ దూరం తక్కువ. ఎక్కువైతె గుండె కొట్టుకునే తీరునే చెడగొడ్తది. అందుకే 1987ల ఫ్లూక్సెటిన్ లాంటి కొత్త మందులు అమెరికాల ఒచ్చినంక, దిగులు జబ్బుకు ముందుగాల వాటినే రాస్తున్రు. ఇంకో సంగతి, కొందరికి మనసు కుదుటపడకముందే ఒంట్లకు శక్తి ఒస్తది. ముఖ్యంగ 25 ఏండ్ల లోపు పిల్లలను మొదటి వారాలల్ల ఒంటరిగ వదలొద్దు. సచ్చిపోవాలన్న మాట నోట ఒస్తె, కొట్టిపారెయ్యకుండ్రి, అడుగుండ్రి. డబ్బ అమ్మ కాడనో అన్న కాడనో ఉండాలె, వారానికి సరిపడే మందే తెచ్చుకోవాలె. సంటిపిల్లలకు అందకుండ పెట్టాలె. ఎవరన్న ఎక్కువ మింగిన్రని అనుమానమొచ్చినా 108కి చెయ్యండ్రి. "మంచిగనే మాట్లాడ్తుండు గద" అని ఆగొద్దు, ఉప్పునీళ్లు తాపి కక్కియ్యొద్దు. దవాఖానల ఈసీజీ తీసి, సోడియం బైకార్బొనేట్ ఎక్కించి కాపాడొచ్చు, టైముకు పోతె.

గుణం ఒచ్చిందని మనంతట మనమే ఆపుడు గూడ తప్పే. ఒక్కసారి ఆపితె తలనొప్పి, వాంతులొచ్చినట్లుండుడు, నిద్ర పట్టకపోవుడు అయితది. డాక్టర్ చెప్పినట్లు మెల్లగ తగ్గించాలె.

నెలకు 21,000 లోపు జీతమున్న కార్మికులకు ఈఎస్ఐ కార్డు ఉంటది, నాచారంల ఈఎస్ఐ దవాఖాన ఉన్నది. ఎర్రగడ్డ మానసిక దవాఖానకు పోవాలంటె ఉప్పల్ ల మెట్రో ఎక్కి అమీర్‌పేటల మారాలె. అంత దూరం పోలేకపోతె టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యండ్రి, పైసలు పడవు, తెలుగుల రాత్రి పగలు మాట్లాడ్తరు. దవాఖానకు పోయినప్పుడు మాత్రం చీటీ ఎన్కపక్క సిస్టర్ తోని మూడు ముక్కలు రాయించుకోండ్రి: గోలీ ఎప్పుడు వేసుకోవాలె, మల్ల ఎన్నడు రావాలె, ఏమైతె ఉరికి రావాలె.